ప్రతి ఆదివారం ఆఖర్నే వస్తున్నా, పైగా పిట్‌లో సైకిళ్ళు కడగమంటున్నారు. సైక్లోక్రాస్ క్లబ్‌లో ఉండాలా, మానేయాలా?

బురద_బుల్లోడు

లీడ్స్‌లో ఉంటా, వయసు 41, సైక్లోక్రాస్ క్లబ్‌లో చేరాక ఇది రెండో సీజన్. మా క్లబ్‌లో అందరికీ బెల్జియం అంటే ప్రాణం. వ్యాన్ మీద పసుపు జెండాలో నల్ల సింహం, అది బెల్జియంలోని ఫ్లాండర్స్ ప్రాంతం జెండా, జెర్సీ చేతుల మీద కూడా అదే సింహం. మంగళవారం రాత్రి ప్రాక్టీస్ అయ్యాక కూడా ఇళ్ళకి పోరు, కార్ల లైట్ల వెలుగులో నిలబడి అక్కడ రేసులు జరిగే కోక్సైడె ఇసుక గురించి, గావరె బురద గురించి మాట్లాడుకుంటూనే ఉంటారు, వేళ్ళు కొంకర్లు పోతున్నా కదలరు. నాకు ఆ పిచ్చి నచ్చే చేరా. ఇప్పుడు నాకూ పట్టుకుంది, అది వేరే సంగతి.

బాధ ఏంటంటే, రెండు సీజన్లుగా వెటరన్స్ (వయసు మీద పడ్డవాళ్ళ) రేసులో ఆఖరి ఐదుగురిలోనే ఉంటున్నా. ఈమధ్య ఒకసారి 62 ఏళ్ళ ఆయన నన్ను ల్యాప్ చేసి, అంటే నాకన్నా ఒక చుట్టు ముందుండి వెనక నుంచి వచ్చి, "ఎడమ పక్కకి రా బాబూ" అని మర్యాదగా చెప్పి మరీ దాటిపోయాడు. దానికి బాధ లేదు, ఆయన కష్టం ఆయనది. కానీ పోయిన ఆదివారం క్లబ్‌లో ఒకాయన వచ్చి "నువ్వు ఎలాగూ ల్యాప్ అయిపోతావు కదా, ఇవాళ్టికి రేస్ వదిలేసి జూనియర్లకి పిట్‌లో ఉండిపోతావా, మనిషి తక్కువయ్యాడు" అన్నాడు. నంబర్ వీపుకి పిన్నులు పెట్టుకుని రెడీగా ఉన్నా అప్పటికి. ఏం అనలేక సరే అన్నా, నంబర్ పీకేసి మూడు గంటలు వానలో నిలబడి వేరేవాళ్ళ సైకిళ్ళు కడిగా. ఇంటికొచ్చాక మా అమ్మ ఫోన్లో ఒకటే మాట, "అడుసు తొక్కనేల, కాలు కడగనేల".

పైగా నవంబర్ 1న బెల్జియంలో కోపెన్‌బర్గ్ క్రాస్ రేసు చూడ్డానికి అందరూ వ్యాన్‌లో వెళ్తున్నారు, నన్నూ రమ్మంటున్నారు. వాళ్ళందరికీ బ్రిటిష్ పాస్‌పోర్ట్, నాకు షెంగెన్ వీసా కావాలి. ఇంత అవసరమా అనిపిస్తోంది. ఇలాంటి క్లబ్బుల్లో ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే నిజం చెప్పండి, ఉండాలా మానాలా?

గాండిపేట_రైడర్

ముందుగాల ఒకటి అడుగుత, గీ సైక్లోక్రాస్ అంటే ఏంది అన్నా? మౌంటెన్ బైకింగేనా? పిట్ అంటున్నరు, కార్ల రేసుల ఉంటదిగా గా పిట్టేనా?

నల్లరేగడి

కాదు తమ్ముడూ. చూడ్డానికి రోడ్ సైకిల్ లాగే ఉంటుంది, వంకీ హ్యాండిలే, టైర్లు మాత్రం బుడిపెలవి. అంతర్జాతీయ రేసుల్లో టైరు వెడల్పు 33 మిల్లీమీటర్లు దాటకూడదు, మన దగ్గర హైబ్రిడ్ సైకిళ్ళ టైర్లే అంతకన్నా లావుంటాయి. మూడు కిలోమీటర్ల చుట్టు ఒకటి గీస్తారు, అందులో గడ్డి, బురద, ఇసుక, మెట్లు, 40 సెంటీమీటర్ల ఎత్తు దాకా చెక్కలు అడ్డంగా. తొక్కగలిగినంత మేర తొక్కాలి, తొక్కలేని చోట దిగి సైకిల్ భుజాన వేసుకుని పరిగెత్తాలి. మా తాత తెల్లారుజామున నాగలి భుజానేసుకుని చేనుకి పోయేవాడు చూడు, అచ్చం ఆ పట్టే. పెద్దవాళ్ళ రేస్ గంట, వెటరన్స్‌కి నలభై నిమిషాల పైన. సీజన్ సెప్టెంబర్ నుంచి ఫిబ్రవరి, అంటే వానా చలీ ఉన్నప్పుడే.

పిట్ అంటే సైకిల్ మార్చుకునే చోటు. బురద పట్టి సైకిల్ బరువెక్కిపోతుంది, చెయిన్ పనిచేయదు, అది అక్కడ వదిలేసి శుభ్రంగా ఉన్న రెండోది ఎక్కి పోతారు. మళ్ళీ చుట్టు తిరిగొచ్చేలోపు మొదటిది కడిగి ఉంచాలి. బుల్లోడు గారు పోయిన ఆదివారం చేసిన పని అదే.

గాండిపేట_రైడర్

అంటే దమ్ము జేసిన మడిల సైకిల్ తొక్కుడు. సమజైంది 😀 మస్తుంది.

చెయిన్‌రింగ్_42

నేనైతే మానేస్తా. నంబర్ పెట్టుకున్న మనిషిని పట్టుకుని "నువ్వు ఎలాగూ ల్యాప్ అవుతావు" అనడం ఏంటి? ఎంట్రీ ఫీజు కట్టింది అందరూ ఒకటే. ఊళ్ళో ఇంకో క్లబ్ ఉండదా?

గెంట్_శ్రీను

బెల్జియంలో, గెంట్‌లో తొమ్మిదేళ్ళుగా ఉంటున్నా, ఇక్కడ అమెచ్యూర్ రేసులు ఏడాదికి పదిహేను దాకా తొక్కుతా, కాబట్టి కొంచెం పెద్దగా రాస్తా, ఓపిక చేసుకోండి.

ఆయన అన్న మాట తప్పు, చెయిన్‌రింగ్ గారితో ఏకీభవిస్తా. కానీ పిట్‌లో నిలబెట్టడాన్ని అవమానంగా తీసుకోవద్దు బుల్లోడు గారూ. ఇక్కడ పల్లెల్లో ఒక క్రాస్ రేసు జరగాలంటే శుక్రవారం నుంచే ఊరు కదులుతుంది. ఒకాయన ట్రాక్టర్ మీద కర్రలు తెస్తాడు, నలుగురు సుత్తులేసుకుని పాతుకుంటూ పోతారు, వెనక ఆడవాళ్ళు పిల్లలు టేప్ చుట్టుకుంటూ వస్తారు, చేనిచ్చిన రైతు గట్టు మీద నిలబడి "అటు పక్క నీళ్ళు నిలుస్తాయి, ఇటు తిప్పండి" అని చెప్తాడు. రేస్ రోజు సూప్ కాచేది ఆయన భార్య. మన ఊళ్ళో రాములవారి కల్యాణానికి పందిరి వేసినట్టే, ఎవరూ కూలి అడగరు, ఎవరికీ ఎవరూ చెప్పక్కర్లేదు. టీవీలో కనిపించే ఛాంపియన్లు వౌట్ వాన్ ఆర్ట్, మాథ్యూ వాన్ డర్ పూల్ ఇలాంటి రేసుల్లోంచి వచ్చినవాళ్ళే, చిన్నప్పుడు వాళ్ళ సైకిళ్ళు కడిగినవాళ్ళూ ఎవరో ఉంటారు కదా.

ఇంకోటి. బయటి దేశాల క్లబ్బుల్లో బెల్జియం అంటే బీరు, ఫ్రైస్, సింహం జెండా అనుకుంటారు. అవి ఉన్నాయి, కాదనను, టెంట్లలో డీజే పెట్టి ఊగిపోతారు కూడా. కానీ నేను తొక్కే అమెచ్యూర్ రేసుల్లో అదేం ఉండదు. యాభై దాటిన వడ్రంగులు, బస్ డ్రైవర్లు, పోస్ట్‌మ్యాన్లు ఒక్కొక్కడు మాట్లాడకుండా స్టార్ట్ గీత మీద నిలబడతాడు, విజిల్ వేయగానే మొదటి మలుపుకి ప్రాణం పెట్టి తొక్కుతారు. నా మొదటి రేసులో ఆఖర్న వచ్చా. నంబర్ తిరిగివ్వడానికి వెళ్తే టేబుల్ దగ్గర కూర్చున్న పెద్దాయన నా కాయితం చూసి "వచ్చే వారం కూడా వస్తావు కదా" అన్నాడు, అంతే. వచ్చే వారం వెళ్ళా. ఆ తర్వాత మానలేదు.

పద్మ_పోర్ట్‌లాండ్

శ్రీను గారూ మీరు చెప్పింది బాగుంది కానీ నాకు ఒప్పుదల లేదు. పందిరి వేసిన మనిషి కల్యాణం కూడా చూడాలి కదా! ఆయన్ని రేసులోంచి తప్పించి కడగమన్నారు. అది సేవ అడగడం కాదు, నీ రేసుకి విలువ లేదు అని చెప్పడం.

ఇక్కడ పోర్ట్‌లాండ్‌లో మా క్లబ్ కూడా బెల్జియం పిచ్చిదే, కానీ మేం దాన్ని ఇంకోలా పట్టుకున్నాం. గంటలు మోగిస్తాం, దారి పక్కన నిలబడి అందరినీ అరిచి అరిచి తొక్కిస్తాం, ముఖ్యంగా ఆఖర్న వచ్చేవాళ్ళని. అక్టోబర్ ఆఖరి రేసుకి వేషాలు వేసుకుని తొక్కుతారు, పోయినసారి నేను కంచి పట్టు రంగులో టూటూ (బ్యాలే డ్యాన్సర్ల కుచ్చుల గౌను) కట్టుకుని తొక్కా. మొదటిసారి వచ్చే ఆడవాళ్ళకి వేరే కేటగిరీ ఉంది, నేను అందులోంచే వచ్చా, 38 ఏళ్ళకి, ఇద్దరు పిల్లల తర్వాత. ఎవరైనా నాతో "నువ్వు ఎలాగూ ల్యాప్ అవుతావు" అని ఉంటే ఆ రోజే సైకిల్ అమ్మేసేదాన్ని.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఎవరి రేస్ లెక్కలోకొస్తుంది అన్నది చిన్న విషయం కాదు. మగవాళ్ళకి ప్రపంచ ఛాంపియన్‌షిప్ 1950 నుంచి ఉంది. ఆడవాళ్ళకి 2000లో గానీ పెట్టలేదు. యాభై ఏళ్ళు మేం కడుగుతూనే ఉన్నాం అన్నమాట.

గెంట్_శ్రీను

పద్మగారూ, ఆ చివరి మాటకి నా దగ్గర జవాబు లేదు. నిజమే.

గోదారి_గేర్లు

మేడమ్ మీరు 2013 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కి అమెరికాలో లూయిస్‌విల్ వెళ్ళారా? బెల్జియం ఆయన స్వెన్ నైస్ గెలిచాడు చూడండి, అదే. నేనప్పుడు అమలాపురంలో ఇంజినీరింగ్ చదువుతున్నానండి, నెట్ సెంటర్లో ఆగుతూ ఆగుతూ చూశా, అక్కడి నుంచే ఈ జబ్బు పట్టుకుంది.

పద్మ_పోర్ట్‌లాండ్

వెళ్ళా!! అప్పుడు సిన్సినాటిలో ఉండేవాళ్ళం, రెండు గంటల దారి. యూరప్ బయట ప్రపంచ ఛాంపియన్‌షిప్ పెట్టడం అదే మొదలు. ఒహాయో నది పొంగుతోంది, ఆదివారానికి కోర్సులోకి నీళ్ళొచ్చేస్తాయని రెండు రోజుల రేసులూ ఒక్క శనివారంలోనే పెట్టేశారు. మంచు, దాని కింద బురద, కాళ్ళ స్పర్శ తెలీలేదు నాకు. ఆడవాళ్ళలో మరియానె వాస్ గెలిచింది, మగవాళ్ళలో నైస్, 36 ఏళ్ళ వయసులో. 2005లో ఒకసారి గెలిచి మళ్ళీ ఎనిమిదేళ్ళకి. ఆయన గీత దాటేటప్పుడు నా పక్కన బెల్జియం నుంచి వచ్చిన ముసలాయన చేతిలో జెండా పట్టుకుని కన్నీళ్ళు పెట్టుకున్నాడు, ఏ ఊరు అని అడిగితే "బాల్" అన్నాడు. అది నైస్ వాళ్ళ ఊరు. నేను ఆ నెలలోనే సెకండ్ హ్యాండ్ క్రాస్ బైక్ కొన్నా.

గోదారి_గేర్లు

ఆ బాల్‌లో ఏటా జనవరి 1న రేస్ ఉంటుందండి, నైస్ పేరు మీదే. మనం కొత్త సంవత్సరం కేక్ కోసుకుని పడుకుంటాం, వాళ్ళు బూట్లేసుకుని బురదలోకి పోతారు.

బురద_బుల్లోడు

అందరికీ థాంక్స్. చెయిన్‌రింగ్ గారూ, ఇంకో క్లబ్ ఉంది కానీ వాళ్ళకి క్రాస్ మీద ధ్యాస లేదు, రోడ్ టైమ్ ట్రయల్స్ (గడియారంతో పోటీ పడి ఒక్కొక్కరే తొక్కే రేసులు) మీదే. నాకు ఈ మనుషులే కావాలి, అదే చిక్కు. టామ్ పిడ్‌కాక్ మా లీడ్స్ కుర్రాడే, 2022లో అమెరికాలో ఫేయెట్‌విల్‌లో సైక్లోక్రాస్ ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు మావాళ్ళు క్లబ్ గదిలో ఎగిరి గంతులేశారట, ఆ కథ ఎన్నిసార్లు విన్నానో. శ్రీను గారి పందిరి మాట, పద్మ గారి కల్యాణం మాట రెండూ నిజమే అనిపిస్తోంది, ఇంకా కన్ఫ్యూజ్ అయ్యా.

నల్లరేగడి

ఉండండి ఉండండి. ఇంతమంది ఇన్ని చెప్పారు, అసలు ప్రశ్న ఒక్కరూ అడగలేదు. బుల్లోడు గారూ, టైర్లలో గాలి ఎంత పెడుతున్నారు?

బురద_బుల్లోడు

45 పీఎస్ఐ. ట్యూబులు ఉన్నాయి. నా బరువు 76. ఎందుకు?

గెంట్_శ్రీను

ఎంత????

పద్మ_పోర్ట్‌లాండ్

నలభై ఐదా! అయ్యో! రెండు సీజన్లు!

గోదారి_గేర్లు

రెండేళ్ళు ఆ గాలితో బురదలో నిలబడ్డారంటే మీకు దండం పెట్టాలండి.

నల్లరేగడి

మీ క్లబ్‌లో ఒక్కరూ మీ టైరు బొటనవేలితో నొక్కి చూడలేదా? నాకు కోపం వస్తోంది. బెల్జియం ప్రేమ ఉన్న క్లబ్ అయితే ముందు చేయాల్సింది అది. ఫ్లాండర్స్‌లో రేసుకి ముందు కోర్సు ఒక చుట్టు తిరిగి, గాలి కొంచెం తీసి, మళ్ళీ తిరిగి, మళ్ళీ నొక్కి చూసుకుంటారు, పెద్ద పెద్ద ఛాంపియన్లు కూడా అంతే.

మాది ప్రకాశం జిల్లా, నల్లరేగడి నేల. తొలకరి పడ్డ రోజు సైకిల్ మీద బడికి పోతే పది గజాలకి మడ్‌గార్డ్ నిండిపోయేది, చక్రం తిరగదు, దిగి పుల్ల పెట్టి గీకాలి, మళ్ళీ పది గజాలు. కొందరం మడ్‌గార్డులు విప్పేసి టైర్లో గాలి సగం తీసేసి పోయేవాళ్ళం. ఇప్పుడు నాటింగ్‌హామ్‌లో ఉండి చేసేది అదే పని. బురద అంతా ఒకటి కాదు. నీళ్ళ బురద ఉంటుంది, చక్రం కోసుకుంటూ కిందకి పోయి గట్టి నేల దొరుకుతుంది, దాంట్లో భయం లేదు, తిన్నగా పోవాలి. జారుడు బురద ఉంటుంది, పైన పలచగా కింద గట్టిగా, మలుపుల్లో పడేసేది ఇదే. ఇక ఆరీ ఆరని బంక బురద, సగం ఎండాక గడ్డితో కలిసి పిసికిన పిండిలా ఫ్రేమ్‌కీ చక్రానికీ మధ్య కూరుకుపోతుంది. అది వచ్చినప్పుడే పిట్ కావాలి. మొదటి రెంటిలో కాదు.

టైరు నేల మీద అరచెయ్యి ఆనించినట్టు పరుచుకోవాలి. 45లో అది గోళీ అయిపోతుంది, బుడిపెలు నేలని పట్టుకోవు. మీరు పెట్టే బలమంతా అక్కడికక్కడే చక్రం గిర్రున తిరగడానికి సరిపోతుంది. మీ బరువుకి ట్యూబులతో అయితే 30, ఇంకా తగ్గిస్తే మెట్ల దగ్గర ట్యూబు నొక్కుకుని పంక్చర్ అవుతుంది. ట్యూబ్‌లెస్‌కి మారండి, ముందు 23 వెనక 25తో మొదలెట్టండి. చిన్న డిజిటల్ గేజ్ కొనండి, పంప్ మీది ముల్లు ఆ తక్కువ గాలి దగ్గర సరిగ్గా చూపించదు.

గెంట్_శ్రీను

రేగడి గారు చెప్పింది ప్రింట్ తీసి వ్యాన్‌లో అంటించుకోండి. ఒక్కటి మాత్రం కలుపుతా, ట్యూబ్‌లెస్ మరీ తగ్గిస్తే పక్కవాలు గడ్డి మీద టైరు రిమ్ నుంచి ఒక్కసారి పక్కకి తప్పుకుని గాలి వదిలేస్తుంది. అందుకే ఇక్కడ పెద్ద రేసర్లలో చాలామంది రిమ్‌కి గమ్ముతో అంటించే ట్యూబ్యులర్లే వాడతారు, చేత్తో చేసిన కాటన్ టైర్లు.

నల్లరేగడి

ట్యూబ్యులర్లు అంటించడానికి మూడు రోజులు పడుతుంది, ఒక్కో పూత ఆరాలి, బురద మారితే ఇంకో చక్రాల జత కావాలి. ఆయనకి ఒక్క సైకిల్ ఉంది శ్రీనూ. పక్కదారి పట్టించకు.

గెంట్_శ్రీను

సరే సరే 🙏

గాండిపేట_రైడర్

నేను గీ ఆదివారం మా ఊరి చెర్వు కట్ట కింద ట్రై జేసిన, హైబ్రిడ్ మీద, 30 పెట్టి. మడి గట్టు మీద జారి నడుము దాక మునిగిన. మా బాపు ట్రాక్టర్ మీదికెళ్ళి సూసి "సదువుకున్నోనివి, ఏంది రా గిది" అన్నడు, గని మల్ల రెండో సుట్టుకు ఆయనే గట్టు మీద నిలబడి "దిగు, దిగు, ఉరుకు" అని మొత్తుకుంటున్నడు. గిది బెల్జియంల పుట్టిందా అన్నా?

గోదారి_గేర్లు

కాదండి, ఫ్రాన్స్‌లో. మొదటి జాతీయ పోటీ 1902లో అక్కడే పెట్టారు. 1950 ప్రపంచ ఛాంపియన్‌షిప్ గెలిచింది కూడా ఫ్రెంచ్ ఆయన, జాన్ రోబిక్, అంతకుముందు 1947 టూర్ డి ఫ్రాన్స్ గెలిచినాయనే. తర్వాతే బెల్జియం వాళ్ళు సొంతం చేసుకున్నారు. ఎరిక్ డి వ్లామింక్ ఏడుసార్లు ప్రపంచ ఛాంపియన్, 1966లో ఒకటి, మళ్ళీ 1968 నుంచి 73 దాకా వరసగా ఆరు. ఆ ఏడు 2025 దాకా ఎవరూ అందుకోలేదు, అందుకున్నది వాన్ డర్ పూల్, డచ్ ఆయన. ఇక 2012లో కోక్సైడెలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ పెడితే మొదటి ఏడుగురూ బెల్జియం వాళ్ళే, నీల్స్ ఆల్బర్ట్ గెలిచాడు. సముద్రం పక్కన ఇసుక దిబ్బలండి, మన అంతర్వేది ఇసుకలో సైకిల్ తొక్కి చూడండి తెలుస్తుంది. బరువు వెనక్కేసి, పెద్ద గేర్లో, ముందువాడి చక్రం గాడిలోనే పోవాలి, హ్యాండిల్ తిప్పితే పడ్డట్టే.

లూవెన్_లత

ఇన్నాళ్ళూ చదివి ఊరుకున్నా, ఇప్పుడు రాయాలనిపించింది. మా ఆయన తొక్కుతాడు, మా అబ్బాయి పదేళ్ళు, వాడూ తొక్కుతాడు. నేను తొక్కను. కానీ ఆదివారం సాయంత్రం నాలుగింటికి తలుపు దగ్గర బకెట్ పట్టుకుని నిలబడేది నేనే కాబట్టి ఈ క్రీడలో నాకూ వాటా ఉంది.

మొదటి ఏడాది బట్టలు తిన్నగా మెషిన్‌లో వేసి ఫిల్టర్ పాడు చేసుకున్నాం, లోపల గడ్డి, మట్టి, ఒక చిన్న నత్తగుల్ల కూడా దొరికింది. ఇప్పుడు పద్ధతి మారింది. ముందు చన్నీళ్ళ బకెట్లో అరగంట నానబెట్టాలి, ఎండనివ్వకూడదు, ఎండితే మరక పోదు. తర్వాత పెరట్లో పైపుతో, ఆ తర్వాతే మెషిన్. బూట్లలో న్యూస్‌పేపర్ ఉండలు కూరి హీటర్‌కి దూరంగా పెట్టాలి, దగ్గర పెడితే సోల్ ఊడొస్తుంది. బుల్లోడు గారూ, మీ అమ్మగారితో చెప్పండి, అడుసు తొక్కాలీ, కాలూ కడగాలీ, మా ఇంట్లో అదే ఆదివారం.

కోపెన్‌బర్గ్‌కి వస్తే ఒక మాట. మీరు శాకాహారి అయితే ఫ్రైస్ అడిగి తినండి, ఇక్కడ చాలా చోట్ల గొడ్డు కొవ్వులోనే వేయిస్తారు. మేం ఎప్పుడూ పులిహోర డబ్బా పట్టుకెళ్తాం, చలిలో పులిహోర అంత బాగుండేది ఇంకోటి లేదు, పక్కన నిలబడ్డ ఫ్లెమిష్ మామ్మ రెండుసార్లు పెట్టించుకుంది.

గోదారి_గేర్లు

కోపెన్‌బర్గ్ నవంబర్ 1నే ఎందుకండి? మనకి ఆంధ్ర రాష్ట్ర అవతరణ, వాళ్ళకేంటి?

లూవెన్_లత

సెయింట్స్ అందరి పండగ, దేశమంతా సెలవు. పొద్దున సమాధుల దగ్గర చామంతి పూల కుండీలు పెట్టి వస్తారు, మధ్యాహ్నం రేసుకి పోతారు. 2024లో అయితే అక్టోబర్ 31న మాకు దీపావళి, రాత్రి కాకరపువ్వొత్తులు కాల్చి పొద్దున్నే బయల్దేరాం. ఔడెనార్డె ఊరు దాటాక కార్ ఎక్కడో వదిలేసి నడవాలి. ఆ కొండ అసలు 600 మీటర్లే, కానీ నున్నటి రాళ్ళు పరిచిన దారి, ఒక చోట 22 శాతం ఎత్తు, నడిచి ఎక్కడానికే నాకు ఆయాసం. వాళ్ళు ప్రతి చుట్టూ ఆ రాళ్ళెక్కి, ఏటవాలు పచ్చికలో అడ్డంగా దిగుతారు. నేను ఆ పచ్చిక దగ్గరే నిలబడ్డా. చేయి చాస్తే తగిలేంత దగ్గర. ఊపిరి శబ్దం వినిపిస్తుంది, బ్రేకుల కీచు, ముఖం మీద బురద చిందుతుంది. టీవీలో ఆ వాలు చదునుగా కనిపిస్తుంది, నమ్మకండి.

చెయిన్‌రింగ్_42

లత గారి పోస్ట్ చదివాక వీసా ఖర్చు గురించి నేనేం అనను. వెళ్ళిరండి బుల్లోడు గారూ.

గెంట్_శ్రీను

వీసాకి స్లాట్ ఇప్పుడే చూసుకోండి, ఇంకా ఆగితే దొరకదు. హల్ నుంచి బెల్జియం రేవు జీబ్రుగ్గెకి వచ్చే పడవ కొన్నేళ్ళ కిందటే ఆపేశారు, కాబట్టి మీవాళ్ళు రోటర్‌డ్యామ్ రాత్రి పడవకో ఛానెల్ టన్నెల్‌కో పోతారు. ఏ దారిలో వచ్చినా గెంట్ దగ్గరే, రాత్రికి మా ఇంట్లో దిగండి, వ్యాన్ మొత్తం అయినా సరే.

బురద_బుల్లోడు

పదిరోజులైంది, వచ్చి చెప్పాలి కదా.

ట్యూబ్‌లెస్ వేయించా. రేగడి గారూ, ముందు 23 వెనక 25, గేజ్ కూడా కొన్నా. శనివారం పార్కులో తిరిగి చూస్తే మొదటి మలుపులోనే నవ్వొచ్చింది, ఇదే సైకిలా అనిపించింది.

ఆదివారం పొద్దున, నన్ను పిట్‌లో ఉండమన్నాయన దగ్గరికి నేనే వెళ్ళా. పద్మ గారి మాట గుర్తుంది. "ఇవాళ నా రేస్ నేను తొక్కుతా, జూనియర్ల రేసుకి పిట్‌లో ఉంటా, రెండూ చేస్తా" అన్నా. ఆయన కాసేపు చూసి, పోయినసారి అలా అని ఉండకూడదు అన్నాడు. మనిషి తక్కువై కంగారులో అన్నాడట. నా టైరు బొటనవేలితో నొక్కి చూశాడు కూడా, "ఇన్నాళ్ళూ ఎంత పెట్టావ్" అని అడిగాడు. చెప్పా. తల పట్టుకుని, "ఇది మా తప్పు" అన్నాడు.

జూనియర్ల రేస్ ముందు అయింది. మా క్లబ్ అమ్మాయి, పదిహేనేళ్ళు, రెండు సైకిళ్ళు. బంక బురద, రేగడి గారు చెప్పిన మూడో రకం. ఏడు నిమిషాలకో చుట్టు. తను దిగి వదిలేసిన సైకిల్ పట్టుకుని జెట్‌వాష్ దగ్గరికి పరిగెత్తి, నీళ్ళు కొట్టి, గేర్లు మార్చే డిరైలర్‌లో ఇరుక్కున్న గడ్డి వేళ్ళతో లాగి (గ్లౌవ్స్‌తో రాదు, తీసేయాలి, వేళ్ళు చచ్చిపోతాయి), చెయిన్‌కి నూనె చుక్క, తేలిక గేర్లోకి మార్చి, మళ్ళీ పిట్‌లోకి వచ్చేసరికి నిమిషం మిగిలేది. ఎక్కేవాళ్ళు ఎడమ నుంచి ఎక్కుతారు కాబట్టి సైకిల్‌కి కుడి పక్క నిలబడి సీటు ఒక చేత్తో హ్యాండిల్ ఒక చేత్తో పట్టుకుని ఉండాలి. నాలుగోసారి తను వచ్చేటప్పుడు ముఖం మొత్తం బురద, కళ్ళు మాత్రం తెల్లగా, నన్ను చూడలేదు, నా చేతిలో సైకిల్‌నే చూస్తోంది. ఎక్కి పోయింది. వెనక నుంచి చెయిన్ శబ్దం విన్నా, శుభ్రంగా తిరుగుతున్న చెయిన్ శబ్దం, కరకర లేదు. మూడో స్థానంలో వచ్చింది. వచ్చి ఏం మాట్లాడకుండా నా గ్లౌవ్స్ తెచ్చి ఇచ్చింది, ఎక్కడో పడేసుకున్నా నేను.

నా రేసులో ఆ 62 ఏళ్ళ ఆయన ఈసారి కూడా నన్ను దాటాడు, కానీ ఆఖరి చుట్టులో, మెట్ల మీద. వెనక పద్నాలుగు మంది ఉన్నారు. మెట్ల పైన ఆ అమ్మాయి, వాళ్ళ నాన్న గంట మోగిస్తూ నా పేరు పెట్టి అరిచారు, పలకడం తప్పే, అయినా నా పేరే.

వీసా స్లాట్ కూడా దొరికింది.

నల్లరేగడి

పద్నాలుగు మంది!! గాలి ఒక్కటే కాదులే, కాళ్ళు మీవే. వచ్చే వారం వాన లేకపోతే ఇంకో రెండు పాయింట్లు పెంచండి.

పద్మ_పోర్ట్‌లాండ్

నేను ఆఫీసులో కూర్చుని గట్టిగా చప్పట్లు కొట్టేశా, పక్క సీటాయన ఏమైందని అడుగుతున్నాడు.

గాండిపేట_రైడర్

అన్నా గా పాత ట్యూబులు పారెయ్యకు, నాకు పంపు. మా బాపు చెర్వు కింద కర్రలు పాతిండు, మొత్తం సుట్టు. గిప్పుడు మేం నలుగురం.

లూవెన్_లత

శ్రీను గారూ, వ్యాన్‌లో ఎంతమందో కనుక్కుని చెప్పండి, పులిహోర ఎంత కలపాలో చూసుకోవాలి. చింతపండు ఇండియా నుంచి వచ్చేవాళ్ళతో తెప్పించాలి, ఇక్కడి పేస్ట్ బాగుండదు.

గెంట్_శ్రీను

తొమ్మిది మంది. వాళ్ళు ఇంగ్లీషు వాళ్ళు లత గారూ, పచ్చిమిర్చి కొంచెం చూసి వేయండి.